మీటరు లెక్కన వ్రాత

వ్రాయదలచినవాడు ప్రతిదినమును తెల్లవాఱకమునుపే లేచి, నిర్ణీతమైన వేళకు బల్లయెదుట కూర్చుండి, 500 మాటలో 1000 మాటలో పూర్తియగువఱకు లేవరాదనియు, ఒక్కనాడైనను తప్పక అట్లు చేసినవానికి సంవత్సరాంతమున గ్రంథము దానంతటదియే చేతికి వచ్చుననియు, క్రమశిక్షణ యనగా నింతియే యనియు, తక్కిన సాకులన్నియు సోమరితనమునకు బెట్టిన ముద్దుపేర్లనియు ఒక మతము నేడు మనలో వేరూని యున్నది. రచనాశిక్షణ శిబిరములలో నుపన్యసించువారు దీనినే బోధించుచున్నారు. చేతిఫోనులోని యంత్రము నేటి లెక్క యెంతవఱకు వచ్చినదో చెప్పి వీపు తట్టుచున్నది. కథ వ్రాయువానికిని, చరిత్ర వ్రాయువానికిని, జీవితచరిత్ర వ్రాయువానికిని ఒకటే మందు, ఒకటే మోతాదు. కథకుల మాట కథకులే చెప్పుకొందురు గాక. ఉన్నదానిని ఉన్నట్లు వ్రాయబూనినవానికి, అనగా కల్పనేతర రచయితకు, ఈ మతము మేలు చేయకపోవుటయే కాక కీడు కూడ చేయుచున్నదని నా వాదము.

నేను ప్రేరణవాదుల పక్షమున వకాల్తా పుచ్చుకొనలేదని ముందే చెప్పవలెను. సరస్వతి కటాక్షించిననాడే కలము కదలవలెనని కూర్చుండువారితో వాదమక్కరలేదు. వారు ఎట్లును వ్రాయరు. నిత్యనియమము ఉండవలసినదే. దానిని దేనితో కొలువవలెనన్నదే తగవు.

సూరతునుండి నవసారికి పోవు బాటమీద, పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడల నడుమనున్న ఉన్ పేటలో కాపురముండువారికి కొలతలను గూర్చి యొకరు చెప్పనక్కరలేదు. ఈ ప్రాంతపు మరమగ్గముల కార్ఖానాలలో పండ్రెండు గంటల పాళీ. సాంచ, అనగా మరమగ్గము, నడుపువానికి కూలి నెలకింతయని కాక, నేసిన గుడ్డ మీటరుకింతయని. తెలంగాణమునుండి వచ్చి ఉధ్నా, లింబాయత్ పేటలలో స్థిరపడిన మన పద్మశాలీలును, గంజామునుండి వచ్చిన ఒడియావారును ఈ లెక్కతోనే సంసారము లీదుచున్నారు. దినమునకిన్ని మాటలను మతము ఈ మీటరు లెక్కకు తోబుట్టువే. అయితే మీటరు లెక్క కట్టు సేఠునకు తెలిసిన సంగతి యొకటి మాటల లెక్క కట్టు ఉపన్యాసకునకు తెలియదు. బీము మీది పడుగు అయిపోగానే సాంచ ఆగును. క్రొత్త బీము నెక్కించి, పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు పోగులను వేలకొలదిగా, ఒక్కొక్కటే, రెండు వ్రేళ్ల నడుమ మెలిపెట్టి అతుకవలెను. సిరిసిల్లవారు దీనిని వైపని యందురు. ఒక పోగు తన జత తప్పి ప్రక్కదానితో కలిసెనా, ఆ తప్పు గుడ్డ పొడవునను గీతవలె సాగును. ఈ పని జరుగుచున్నంతసేపు సాంచకు చప్పుడు లేదు, మీటరు లేదు. అంతమాత్రమున, వంగి పోగులతుకుచున్న మనిషిని సోమరి యన్న సేఠు సూరతులో నింతవఱకు పుట్టలేదు. మాటల మతమువారు మాత్రము ఈ వైపనిని పనిగా నెంచరు. కల్పనేతర రచయిత దినచర్యలో నధికభాగము వైపనియే.

ఈ మతమునకు మూలపురుషునిగా తఱచు పేర్కొనబడువాడు ఆంగ్లనవలాకారుడు ఆంథొనీ ట్రోలప్. తపాలాశాఖలో నుద్యోగము చేయుచు, ఉదయము ఐదున్నరకే బల్లకడ కూర్చుండి, గడియారము నెదుట పెట్టుకొని, పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాసితినని ఆయన తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను; ఆ గ్రంథము ఆయన మరణానంతరము 1883లో వెలువడెను. ఆయన శ్రమను తక్కువచేయుట నా యుద్దేశము కాదు. కాని ఆ పావుగంటలో తన కథానాయిక ఏ యేట పెండ్లియాడినదో, మామగారి భూమి యెన్ని యెకరములో ఆయన మఱియొకరి నడుగవలసిన పనిలేదు. బార్సెట్‌షైర్ అను మండలమునే ఆయన కల్పించుకొనెను. ఆ మండలపు లెక్కలు తప్పని చెప్పగల కరణము భూలోకమున లేడు. ఆ వెసులుబాటు మనకు లేదు. మనము వ్రాయు ఊరు ఉన్నది, ఊరిలో మనుష్యులున్నారు, వారిలో కొందఱు చదువనేర్చినవారు, చదివి మన యింటి గుమ్మమునకు రాగలవారు.

సూరతు తెలుగువారి వలస చరిత్రను వ్రాయబూనిన యువకుడొకడు ఈ మతమును నమ్మి నెలల తరబడి లెక్క తప్పకుండ కాగితములు నింపెను. ఆ కట్ట చేతికి బరువైనదే. అందు చెమట కలదు, కన్నీరు కలదు, పొట్టచేతబట్టుకొని వచ్చిన బ్రతుకులు కలవు, పుటపుటకును మగ్గము పాడిన పాట కలదు. మీటరుకెంత కూలి యిచ్చిరి, మొదట వచ్చినవానిని ఎవరు పిలిపించిరి, గది అద్దె యెంత, నగరపాలక సంస్థవారి తెలుగు బడిలో పిల్లలను ఏ తరగతివఱకు చదివించి మాన్పించిరి, ఎందులకు మాన్పించిరి, ఇవి మాత్రము లేవు. ఏల లేవనగా, ఆ సంగతుల కొఱకు లింబాయత్ సందులలో తిరిగిన దినమున మాటల లెక్క సున్నకు వచ్చును. సున్న పడిన దినము పాపదినమని యాయనకు బోధింపబడినది. విశేషణములకో, గడప దాటనక్కరలేదు. లెక్క నింపుటకు విశేషణమంత చవుకైన సరకు లేదని ఏ ఉపన్యాసకుడును శిష్యులకు చెప్పకపోయినను, శిష్యులందఱును తమంతట తామే కనిపెట్టుదురు.

ఆ కట్టలోనే యొకచోట ఒక వృద్ధనేతగాడు 2006వ సంవత్సరమున సూరతునకు వచ్చినట్లున్నది. విచారింపగా, ఆయన చెప్పినది "వరద వచ్చిన యేడు" అని మాత్రమే. తాపీనది వరద యనగా ఈ యువకునకు తెలిసినది 2006నాటిది గనుక అదే పడిపోయినది. తాపీ 1968లోను ముంచెను, 1998లోను ముంచెను, 2006లోను ముంచెను. ఏ వరద? మరల పోయి అడుగవలసివచ్చెను. 1994లో ప్లేగు భయమున ఊరంతయు రైలెక్కినపుడు మీరెక్కడనుంటిరని యడుగగా, గదికి తాళము వేసి పెండ్లాము పిల్లలతో ఊరికి పోయితిననియు, తిరిగివచ్చి చూడగా సాంచమీద వేఱొకడు నిలిచియుండెననియు ఆయన చెప్పెను. కనుక 1998 కాదు, 2006 కాదు. మఱి 1968యేనా? తాను వచ్చిన క్రొత్తలో ఉకాయ్ ఆనకట్ట కట్టుచుండిరని కూడ ఆయన యనెను. ఆ ఆనకట్ట 1972లో పూర్తియైనది. పోగు పోగుతో కలిసినది. ఇంతయు చేయుటకు ఒక పూట పట్టెను, ఫలము నాలుగంకెలు. మాటల యంత్రము ఈ నాలుగంకెలను ఒక్క మాటగా లెక్కించును. అది కూడ క్రొత్త మాట కాదు, పాతదాని దిద్దుబాటు గనుక, ఆ పూట కూలి యేమియు ముట్టలేదన్నమాట. కాని ఆ దిద్దుబాటుతో ఆ వృద్ధుని జీవితము ముప్పదియెనిమిది సంవత్సరములు వెనుకకు జరిగెను. ఆయన నడివయస్సున పొట్టకు జరుగక వచ్చినవాడు కాడు, మీసము మొలవని వయస్సున వచ్చినవాడు. ఆయనతోబాటు ఈ ఊరి తెలుగువారి చరిత్రయే ఒక తరము వెనుకకు పోయెను. ఈ తప్పును వేయి సొగసైన వాక్యములు సవరింపజాలవు సరిగదా, ఎంత సొగసుగా వ్రాసిన అది అంత గట్టిగా నాటుకొనును.

ఇచట ప్రతిపక్షులు మహాదేవ దేశాయిగారిని తెచ్చి నా యెదుట నిలుపుదురు. నిలుపుట న్యాయమే, ఆయన ఈ సూరతు జిల్లావాడే, ఓల్పాడ్ తాలూకా సరస్ గ్రామమున 1892 జనవరి 1న జన్మించినవాడు. 1917లో గాంధీజీకి కార్యదర్శిగా చేరినది మొదలు, 1942 ఆగస్టు 15న ఆగాఖాన్ సౌధమున నిర్బంధములోనే కన్నుమూయువఱకు, ఇరువదియైదేండ్లు దినచర్య వ్రాసెను. నిత్యమును వ్రాసిన ఈయనకంటె మా మతమునకు సాక్షి యెవడని వారి ప్రశ్న. కాని ఆయన నిత్యమును చేసినదేమో చూడుడు. పగలంతయు నొకరి మాటలను వినెను. ఎవరు వచ్చిరో, ఏమడిగిరో, ఏ యుత్తరమునకు ఏ ప్రత్యుత్తరము పోయినదో చేతికందిన కాగితముమీద గుర్తు వేసికొనెను. జ్ఞాపకము చెడకమునుపే వానిని పుస్తకమున కెక్కించెను. ఒకనాడు పుటలకు పుటలు వచ్చును, మఱియొకనాడు కొద్దిపాటి వ్రాత. నిన్నటికంటె నేడు తగ్గినదే యని ఆయన కల్పించి పూరింపలేడు, పూరించినచో ఆ దినచర్య చిత్తుకాగితముతో సమానము. ఆయన నియమము వినికిడికి సంబంధించినది, ఉత్పత్తికి సంబంధించినది కాదు. వ్రాత ఆ నియమము చివర వచ్చు లాంఛనము.

ఆయన 1929లో ప్రకటించిన బార్డోలీ సత్యాగ్రహ వృత్తాంతమును చూచినను ఇదే తేలును. బార్డోలీ తాలూకా సూరతునకు తూర్పున, ఒక పూట ప్రయాణము కూడ లేదు. 1928లో నచట రైతులకును ప్రభుత్వమునకును జరిగిన పోరాటమంతయు ఒక్క అంకె మీద నిలిచినది. శిస్తు నూటికి 22 పాళ్లు హెచ్చింపవచ్చునని ప్రభుత్వము. నేల అంత ఇచ్చుట లేదని రైతులు. తుదకు బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అను అధికారులు ఊరూర తిరిగి విచారించి ఆ హెచ్చింపు ఆరుపాళ్లకు కొంచెము పైన మాత్రమే తగునని తేల్చిరి. వల్లభభాయికి సర్దారను పేరు తెచ్చిన పోరాటము గనుక ఉపన్యాసధోరణికి అందెంతయో తావు కలదు. కాని కౌళ్ల పత్రములు, పంట ధరలు, సెటిల్‌మెంటు అధికారి లెక్కలోని పొరపాట్లు తెలియనివాడు ఆ గ్రంథమును వ్రాయజాలడు, వ్రాసినను ప్రభుత్వము నవ్విపోవును.

1955లో కేంద్ర సాహిత్య అకాడమీ మొట్టమొదటిసారి బహుమతులిచ్చినపుడు గుజరాతీకి వచ్చినది ఈ మహాదేవ దేశాయి దినచర్యకే. అదే యేట తెలుగునకు వచ్చినది సురవరం ప్రతాపరెడ్డిగారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కు. రెండును కల్పనేతరములు, ఇద్దఱును అప్పటికి కీర్తిశేషులు. కథలను కావ్యములను నెత్తిన పెట్టుకొను మన దేశమున రెండు భాషల తొలి బహుమతులు ఇట్టి పుస్తకములకు దక్కుట నాకు ముచ్చటగొల్పు సంగతి. మనవారు దీనిని పెద్దగా చెప్పుకొనరు. ప్రతాపరెడ్డిగారు న్యాయవాది, 1926లో గోలకొండ పత్రికను స్థాపించినవాడు. నైజాములో తెలుగుకవులే లేరన్న యెత్తిపొడుపునకు ప్రత్యుత్తరముగా 1934లో 354 మంది కవులతో సంచిక వెలువరించినవాడు. ఆ 354 మంది యెక్కడెక్కడనుండిరో వెదకి, వ్రాసి, తెప్పించి కూర్చిన పని ఏ మాటల లెక్కకు వచ్చును? ఇక 1949నాటి సాంఘిక చరిత్ర సంగతి. క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి మొదలగు కావ్యములను మనవారు తరతరములుగా రసముకొఱకు చదివిరి. ఆయన చదివినది పూటకూళ్లయింటి తిండికొఱకు, పిల్లల ఆటలకొఱకు, ఆడువారి నగలకొఱకు, కోమటి తూకముకొఱకు. ఒక ప్రబంధమును అట్లు చదువుట యనగా వందలకొలది పద్యములను ఒక గవ్వ దొరకునేమోయని జల్లెడపట్టుట. దినమంతయు చదివి రెండు గుర్తులతో లేచిన రోజులు ఆయనకు తప్పవు. మన ఉపన్యాసకుడు ఆనాడు ఆ గదిలోనికి తొంగిచూచినచో, పత్రికా సంపాదకుడై యుండియు నేడేమియు వ్రాయలేదేమని మందలించియుండును.

ఇంకొక వాదమున్నది. లెక్క కుదరకున్న ఉద్యోగము మానివేయుము, పూర్తికాలము వ్రాయుము, అదియే నిజమైన దీక్ష యని. ఇందులకు నిదర్శనము సూరతు నగరమే కన్న నర్మద్ కవి. ఆయన 1833లో పుట్టినవాడు. ఇక్కడి విశ్వవిద్యాలయము నేడాయన పేరనే వెలయుచున్నది. 1858లో బడిపంతులు పని విడిచి, ఇక కలము నొడిలోనే తలపెట్టుకొందునని ప్రతినబట్టెను. ఆ సాహసమునకు చేయెత్తి నమస్కరింపవలసినదే. కాని ప్రతిన పట్టుట వేఱు, దినచర్య వేఱు. కలము ఆయనకు అన్నము పెట్టలేదు, అప్పులు పెట్టినది. ఇరువదినాలుగేండ్లు ఈది, 1882లో బొంబాయిలో ఒక ధర్మసంస్థ ఉద్యోగమునకు తలయొగ్గెను. అది యోటమియని నిట్టూర్చువారు ఆయన చేసిన పనులలో నేది నిలిచినదో చూడరు. 1873లో పూర్తిగా వెలువడిన నర్మకోశము, పాతిక వేలకు పైబడిన మాటలతో, ఒంటిచేతిమీద కూర్చిన గుజరాతీ నిఘంటువు. సంఘముతోను, వైష్ణవ మఠాధిపతులైన మహారాజులతోను, అప్పులతోను పెనగులాడుచునే పుష్కరమునకు తక్కువగాని కాలమున మాట వెనుక మాటగా పోగుచేసినది. నిఘంటుకారునకు దినమునకు 1000 మాటలు వ్రాయుమని చెప్పిచూడుడు! ఒక్క మాట యర్థము తేలక నాలుగు దినములు గడచుట అతని వృత్తిధర్మము. తీరిక కాదు, ఓపిక అతని పెట్టుబడి. అది ఉద్యోగియందును ఉండవచ్చును, ఉద్యోగము విడిచినవానియందును లేకపోవచ్చును.

గాంధీజీ "హింద్ స్వరాజ్" సంగతియో యని కొందఱడుగవచ్చును. 1909 నవంబరున కిల్డోనన్ కాసిల్ అను ఓడమీద, లండనునుండి దక్షిణాఫ్రికాకు పోవుచు, పది దినములలో ఆ పుస్తకమును గుజరాతీలో ముగించెను; కుడిచేయి నొచ్చినపుడు ఎడమచేత వ్రాసెను. ఇంతకంటె వేగమెవరికి కలదు? నిజమే. కాని ఆ ఓడ యెక్కకమునుపు ఆయన ఏండ్ల తరబడి "ఇండియన్ ఒపీనియన్" నడిపెను, జైలుకు పోయెను, లండనులో హింసావాదులతో కూర్చుండి వాదించెను. పడుగంతయు సిద్ధమై బీమెక్కినది. ఇక ఆడవలసినది నాడె మాత్రమే. పది దినములను లెక్కించి అంతకుముందటి యేండ్లను లెక్కింపనివాడు, గుడ్డ తాకాలు దొంతిపెట్టు గుమాస్తావలె, తన గదిలోనికి వచ్చిన సరకునే చూచినవాడు.

అయినను ప్రతిపక్షుల బాణములలో ఒకదానికి పదునున్నదని యొప్పుకొనవలెను. వైపని పేరు చెప్పి జీవితమంతయు పోగులతుకుచునే కూర్చుండి, ఒక్క గజము నేయని పండితులు మనలో కొఱవడలేదు. వారి పెట్టెలలోని గుర్తులను చెదపురుగులు సావకాశముగా చదువుకొన్నవి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారిని కూడ ఈ జాబితాలో చేర్చుటకు వెనుకాడని సాహసికులు గలరు, ఆయన "ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము" అకారము దాటకమునుపే 1923లో ఆయన నలువదియాఱేండ్ల ప్రాయమున దాటిపోయెనని. ఇది కుతర్కము. మునగాల సంస్థానమున దివాన్‌గిరి చేయుచు, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రము, విజ్ఞానశాస్త్రములు తెలుగున చదువవచ్చునని జనులకు చూపినవాడు పని ముగింపకుండుటకు కారణము మృత్యువు, సోమరితనము కాదు. అకారము వఱకు వ్రాసినదేదో అది మరల దిద్దనక్కరలేనంత నికరముగా నుండవలెనని పట్టుపట్టుటవలననే మెల్లగా నడచినది. క్షకారమువఱకు పరుగెత్తి, ప్రతిపుటయందును తప్పులు పఱచిన సర్వస్వము మనకేమి పనికివచ్చును? ఇక చెదలకు సమర్పించు పండితులకు మందు కలదు. అది మాటల లెక్క కాదు. నేడు విన్నదానిని నేడే, పూర్తి వాక్యములలో, ఎవరు చెప్పిరో ఎచట చెప్పిరో తేదీతో సహా వ్రాసిపెట్టుట. పది పంక్తులైన పది, రెండైన రెండు. అట్లు వ్రాసినదానిలో సగము గ్రంథములోనికి పోవును.

కడపటి యాక్షేపణ ఉన్ పేటలోనే పుట్టినది. పండ్రెండు గంటలు సాంచ యెదుట నిలిచి వచ్చినవానికి వినుటకును, తిరుగుటకును ఓపిక యెక్కడిది, తెల్లవాఱుజామున అరగంటలో 500 మాటలు గిలికివేయుట యైనను సాధ్యమగును గాని యని. మీటరు కూలితో నలిగివచ్చిన మనిషికి ఇంటిలో గూడ మీటరు పెట్టుట యెంత కఠినమో ఈ వాదము చేయువారు గుర్తింపరు. అదియట్లుండ, ఆ అరగంటలో ఆయన చేయగల మంచిపని యొకటి కలదు. పాళీ మారునపుడు ఉన్ పాటియాకడ టీ కొట్టులలో దిగువాడును ఎక్కువాడును ఒకచోట కూడుదురు. ఒకరిని ఒక ప్రశ్న యడిగి, జవాబు జేబులోని చీటిమీద గుర్తు వేసికొని, ఇంటికి పోయి మూడు వాక్యములు వ్రాసికొనినచో ఆనాటి నియమము చెల్లినట్లే. ఏ విశ్వవిద్యాలయపు ఆచార్యునకును దొరకని సాక్షులు ఆయన ప్రక్కనే టీ త్రాగుచున్నారు.

వలస చరిత్ర వ్రాయుచున్న మన యువకుడు లెక్క మానివేసినాడు. 1968 అని తేల్చుకొన్న ఆ వృద్ధునితోబాటు అదే రైలులో దిగిన మఱియొక పెద్దాయన లింబాయత్‌లో నున్నాడని తెలిసి పోయి యడుగగా, వరదయేడు కాదు, దాని మఱుసటి యేడని ఆయన గట్టిగా చెప్పుచున్నాడట. ఇద్దఱును చుట్టములే, మాటలు మాత్రము లేవు. మాటలు ఏల లేవో కూడ కనుగొనవలసియున్నది.